బండి వచ్చు, మరి రోడ్డు?

రవాణా శాఖ మైదానంలో నేల మీద ఎనిమిది అంకె గీసి ఉంటుంది. కాలు కింద పెట్టకుండా దాని మీద బండి తిప్పుకొస్తే టూవీలర్ లైసెన్సు వచ్చినట్టే. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని ముప్పై రోజులు ఆగిన కుర్రాళ్లు స్లాట్ బుక్ చేసుకుంటారు. ముందురోజు సాయంత్రం కాలనీలోని ఖాళీ స్థలంలో ఇటుక ముక్కలు పెట్టుకుని 'ఎనిమిది వేయడం' సాధన చేస్తారు. పాసైన రోజు ఇంట్లో స్వీట్లు పంచుతారు.

ఇంతకీ ఆ పరీక్ష కొలిచేది ఏమిటి? మనిషి నడిచేంత వేగంలో బండి పడిపోకుండా చూసుకోగలగడం. రెండు చక్రాల బండిని నిలబెట్టడం అన్నిటికంటే కష్టమయ్యేది ఆ వేగంలోనే, అది నిజమే. కానీ వేగం పెరిగేకొద్దీ బండి తనను తాను నిలబెట్టుకుంటుంది. చక్రాల భ్రమణం, ముందు ఫోర్కు వాలు, బరువు పంపకం అన్నీ కలిసి దాన్ని నిటారుగా ఉంచుతాయి. నలభైలో పోతున్న బండి మీద బ్యాలెన్సు సమస్యే కాదు. అసలు సమస్యలు అక్కడే మొదలవుతాయి. వాటిలో ఒక్కటీ ఎనిమిది ట్రాకు మీద ఎదురు కాదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్క. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు. నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. నూటికి 71 మరణాలకు అతివేగమే కారణమని పోలీసు రికార్డులు చెబుతున్నాయి. ప్రపంచవ్యాప్తంగా చూసినా 5 నుంచి 29 ఏళ్ల వయసులో మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలు అంటున్నాయి. జ్వరాలూ క్యాన్సర్లూ అన్నీ దాని తర్వాతే.

చనిపోయిన కుర్రాడి గురించి ఊళ్లో వినిపించే మాట ఒకటుంది: "బండి బాగా నడుపుతాడే, ఎలా జరిగిందో!" ఆ మాటలో అబద్ధం లేదు, వాడు నిజంగానే బాగా నడుపుతాడు. గేర్లు, క్లచ్, మలుపుల్లో వంచడం అన్నీ వచ్చు. దిగుడు బావిలో ఈత నేర్చుకున్నవాణ్ని వరద గోదావరిలో దింపితే చేతులు కదపడం వచ్చినా ప్రవాహం తెలియదు. బండి నడపడం కూడా అంతే. చేతులకు కొన్ని వారాల్లో వచ్చేస్తుంది, కళ్లకు రావడానికి చాలా నెలలు పడుతుంది, మెదడుకు ఏళ్లు పడుతుంది. మన శిక్షణ మాత్రం చేతుల దగ్గరే ఆగిపోతోంది.

కళ్లు ఎక్కడ ఉన్నాయి?

1972లో అమెరికాలో రొనాల్డ్ మౌరాంట్, థామస్ రాక్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు కంటి కదలికలను నమోదు చేసే పరికరం తగిలించి కొందరి చేత కార్లు నడిపించారు. కొందరు అప్పుడప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు, మిగతావాళ్లు అనుభవం ఉన్నవాళ్లు. రోడ్డు ఒక్కటే, కార్లూ ఒక్కలాంటివే, చూపులు మాత్రం పూర్తిగా వేరు. కొత్తవాళ్ల చూపు బానెట్‌కు కాస్త ముందు, దగ్గరగా, ఇరుకుగా తిరిగింది. అద్దాల్లోకి చూడటం చాలా తక్కువ. అనుభవం ఉన్నవాళ్ల చూపు దూరంగా ఉంది, రోడ్డుకు అటూ ఇటూ వెడల్పుగా తిరిగింది, అద్దాల్లోకి తరచూ వెళ్లింది.

ఇది నిర్లక్ష్యం కాదన్నది గుర్తుపెట్టుకోవాలి. కొత్తవాడి మెదడు క్లచ్చుతో, గేరుతో, లేనుతో సతమతమవుతూ ఉంటుంది. దూరంగా చూడటానికి దానికి తీరిక ఉండదు. తీరిక దొరికినా ఎక్కడ చూడాలో తెలియదు. రెండోదే పెద్ద చిక్కు.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ ఫిషర్, అనుజ్ ప్రధాన్ బృందం ఈ రెండో చిక్కును సిమ్యులేటర్‌లో బాగా పట్టుకుంది. జీబ్రా గీతల ముందు ఒక లారీ ఆగి ఉంటుంది. దాని పక్కనుంచి మీరు ముందుకు పోవాలి. లారీ చాటున ఎవరైనా దాటుతూ ఉండవచ్చు, కానీ కనిపించరు. అనుభవం ఉన్న డ్రైవర్లలో ఎక్కువమంది ఆ లారీ ముందు అంచు వైపు చూశారు. కొత్తవాళ్లలో చాలామంది చూడలేదు. వాళ్ల దృష్టిలో అక్కడ ఏమీ లేదు. ఖాళీ రోడ్డు.

మన రోడ్ల మీద ఇలాంటి చాటులు లెక్కలేనన్ని. స్టాపులో ఆగిన ఆర్టీసీ బస్సు ముందునుంచి స్కూలు పిల్ల పరుగెత్తుకొస్తుంది. దారి తెలిసినవాడు బస్సును చూడడు, బస్సు కింద ఖాళీలో కనిపించే కాళ్లను చూస్తాడు. పక్కన ఆపిన కారులో డ్రైవరు సీటులో తల కనిపిస్తే తలుపు తెరుచుకోవచ్చని దూరం జరుగుతాడు. ముందు పోతున్న షేర్ ఆటో ఇండికేటర్ వేయదు, కానీ రోడ్డు పక్కన చెయ్యెత్తిన మనిషి కనిపిస్తే ఆటో ఆగిపోతుందని అర్థం. పెట్రోలు బంకు దాటగానే రాంగ్ రూట్‌లో ఎవరో రావచ్చు, ఎందుకంటే యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉంది. డివైడర్ పగలగొట్టి దారి చేసుకున్న చోట ఊరు ఉన్నట్టు. వరి కోతలైతే సగం రోడ్డు ధాన్యం ఆరబోసి ఉంటుంది, రాత్రికి దాని చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. పత్తి సీజనులో వెనక లైటు లేని ట్రాక్టర్లు తిరుగుతాయి. మేక ఒకటి దాటిందంటే రెండోది దాటబోతోందని లెక్క.

ఇవేవీ రోడ్డు గుర్తుల పుస్తకంలో ఉండవు. ఇరవై ఏళ్లుగా నడుపుతున్న లారీ డ్రైవరన్నకు అన్నీ తెలుసు, కానీ ఎవరికీ చెప్పడు. తెలిసినట్టు తనకే తెలియదు కాబట్టి. అనుభవం మాటల్లోకి రాకుండా కళ్లలోనే ఉండిపోతుంది. దాన్ని బయటికి తీసి నేర్పగలమా అన్నదే అసలు ప్రశ్న.

నేర్పగలం. బ్రిటన్ 2002 నవంబరులో డ్రైవింగ్ పరీక్షకు ఒక కొత్త భాగం జోడించింది. అభ్యర్థి మామూలు రోడ్ల వీడియోలు చూస్తూ ఎక్కడ ప్రమాదం మొలకెత్తుతోందో అనిపించగానే క్లిక్ చేయాలి. ఎంత ముందు పసిగడితే అన్ని మార్కులు. ఫిషర్ బృందం తయారు చేసిన శిక్షణ ఇంకా చిన్నది. కంప్యూటర్ ముందు కూర్చుని, రోడ్డు పటాల మీద 'ఇక్కడ ఏది దాగి ఉండొచ్చు?' అని గుర్తించే పాఠం. గంటలోపు అయిపోతుంది. కాలిఫోర్నియాలో అప్పుడే పరీక్ష పాసైన వేలమంది 16–18 ఏళ్ల పిల్లల మీద దీన్ని పరీక్షిస్తే, తర్వాతి ఏడాదిలో అబ్బాయిల ప్రమాదాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అమ్మాయిల్లో తేడా కనిపించలేదు. అంత చిన్న పాఠానికి, అది కూడా ఎక్కువ ప్రమాదాల్లో ఉండే అబ్బాయిల్లో, ఇంత ఫలితం రావడం నాకు ఆశ కలిగించే విషయం.

ఇరవై కిలోమీటర్ల తేడా

వేగం గురించి ఎంత చెప్పినా కుర్రకారు చెవికెక్కదంటారు. అందుకే ఉపదేశం మాని లెక్క చూపించడం మేలు. లెక్కను వాళ్లు నమ్ముతారు.

కాలనీ రోడ్డు. నలభైలో ఒక బండి, దాని పక్కనే అరవైలో మరొకటి. సరిగ్గా ఒకే చోట ఉండగా ముందుకు ఒక పిల్లాడు వచ్చాడు. ప్రమాదాన్ని చూసి, గుర్తించి, బ్రేకు మీదికి వేళ్లు పోవడానికి మామూలు మనిషికి కనీసం ఒక సెకను పడుతుంది, పరధ్యానంలో ఉంటే ఇంకా ఎక్కువ. ఆ సెకనులో నలభైలో ఉన్న బండి 11 మీటర్లు, అరవైలో ఉన్నది దాదాపు 17 మీటర్లు పోతాయి. తర్వాత ఇద్దరూ పొడి రోడ్డు మీద గట్టిగా, సమానంగా బ్రేకు వేశారనుకుందాం. నలభై బండి మొత్తం 20 మీటర్లలో ఆగిపోతుంది. అదే చోట అరవై బండి ఎంత వేగంలో ఉంటుంది? చాలామంది పిల్లలు ఇరవై అంటారు. తీసివేత అలాగే కదా! నిజానికి అది ఇంకా 55 దగ్గర ఉంటుంది. ఎందుకంటే ఆ ఇరవై మీటర్లలో పదిహేడు మీటర్లు ఆలోచనకే పోయాయి, బ్రేకు పనిచేయడానికి మిగిలింది మూడు మీటర్లే. ఒక బండి పిల్లాడి ముందు ఆగింది, రెండోది అతన్ని దాదాపు పూర్తి వేగంతో కొట్టింది.

దీని వెనక ఉన్న సూత్రం పదో తరగతి పిల్లలకు వచ్చిందే. గతిశక్తి వేగానికి కాదు, వేగం వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. దీన్నే ఎత్తుల్లోకి మార్చి చూడొచ్చు. నలభైలో గోడను గుద్దడం ఆరు మీటర్ల ఎత్తునుంచి, అంటే రెండంతస్తుల మేడ మీదనుంచి పడటంతో సమానం. అరవై అంటే 14 మీటర్లు. ఎనభై అంటే 25 మీటర్లు, ఎనిమిదంతస్తుల అపార్టుమెంటు. ఎనిమిదో అంతస్తు పిట్టగోడ ఎక్కి నిలబడమంటే ఎవరూ నిలబడరు. ఎనభైలో బండి మీద కూర్చున్నప్పుడు మాత్రం ఆ ఎత్తు కనిపించదు. మన శరీరాలు లక్షల ఏళ్లుగా ఎత్తుకు భయపడటం నేర్చుకున్నాయి, మనిషి పరుగును మించిన వేగానికి భయపడటం నేర్చుకునేంత కాలం ఇంకా గడవలేదు.

స్వీడన్ పరిశోధకుడు గోరన్ నిల్సన్ పెట్టిన లెక్క ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఒక రోడ్డు మీద సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు నాలుగు శాతం పెరుగుతాయి. ఒక్క శాతమంటే అరవైలో అర కిలోమీటరు కంటే కొంచెం ఎక్కువ, మీటరు ముల్లు కదిలినట్టు కూడా కనిపించదు.

ఇక బ్రేకు. మన దగ్గర తరతరాలుగా అన్న తమ్ముడికి చెప్పే పాఠం: "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు." ఈ ఒక్క మాట వల్ల ఎంతమంది పడిపోయి ఉంటారో! బ్రేకు వేయగానే బండి బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు ఉండదు, గట్టిగా వెనక బ్రేకు తొక్కితే అది బిగుసుకుని జారిపోతుంది. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనకది ఒక్కటే వాడితే ఆగడానికి పట్టే దూరం దాదాపు రెట్టింపవుతుంది. పల్టీ కొట్టేది ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజినప్పుడు, లేదా ఇసుక మీద, మలుపులో వంగి ఉన్నప్పుడు పట్టినప్పుడు. రెండూ కలిపి, మొదట మెల్లగా మొదలుపెట్టి ఒత్తిడి పెంచుకుంటూ పోవడం ఖాళీ మైదానంలో ఒక మధ్యాహ్నం సాధన చేస్తే వచ్చే విద్య. 2019 ఏప్రిల్ నాటికి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్, అంతకు తక్కువ వాటికి కనీసం కలిపి పట్టే కాంబీ బ్రేకు తప్పనిసరి చేశారు. మంచి పని. కానీ పాత బండ్లు ఇంకా లక్షల్లో ఉన్నాయి, ఇళ్లల్లో పిల్లలు నేర్చుకునేది ఎక్కువగా వాటి మీదే.

రాత్రిపూట ఇంకో లెక్క. డిమ్ లైటులో ముదురు రంగు వస్తువు సుమారు నలభై, యాభై మీటర్ల దూరంలో గానీ కనబడదు. ఎనభైలో ఆగడానికి కావలసింది 57 మీటర్లు. హైవే పక్కన టైరు పంక్చరై, వెనక లైటు లేకుండా ఆగిన లారీ కనిపించేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. కనిపించే దూరంలో ఆగగలిగే వేగమే రాత్రికి తగిన వేగం. చాలా రోడ్ల మీద అది అరవైకి అటూ ఇటూ మాత్రమే.

వెనక సీట్లో స్నేహితుడు

ఇప్పుడు మెదడు సంగతి. టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్ 2005లో ఒక చిన్న ఆట ఆడించారు. తెర మీద కారు పోతుంటుంది, పచ్చ లైటు పసుపవుతుంది. ఎంతసేపు పోనిస్తే అన్ని పాయింట్లు, కానీ ఎప్పుడో ఒక గోడ వచ్చి అడ్డం నిలుస్తుంది. గుద్దుకుంటే ఉన్నవన్నీ పోతాయి. ఒంటరిగా ఆడినప్పుడు పదిహేనేళ్లవాళ్లకూ పాతికేళ్లు దాటినవాళ్లకూ పెద్ద తేడా రాలేదు. స్నేహితులను పక్కన నిలబెట్టి ఆడిస్తే టీనేజి పిల్లలు తీసుకున్న ప్రమాదాలు దాదాపు రెట్టింపయ్యాయి. కాలేజి వయసువాళ్లలో కొంత పెరిగాయి. పెద్దవాళ్లలో మార్పు లేదు.

2011లో జేసన్ షైన్ బృందం ఇలాంటి ఆటనే మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి ఆడించింది. స్నేహితులు పక్క గదిలోంచి చూస్తున్నారని తెలిస్తే చాలు, టీనేజి మెదడులో బహుమతికి స్పందించే భాగాలు చురుకెక్కాయి. స్నేహితులు ఒక్క మాట కూడా రెచ్చగొట్టనక్కర్లేదు. చూస్తే చాలు. నుదుటి వెనక ఉండి, 'ఆగు, ఆలోచించు' అని పగ్గం వేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవైల మధ్యదాకా సమయం పడుతుంది. ఉత్సాహం ముందే వచ్చేస్తుంది, పగ్గం ఆలస్యంగా వస్తుంది.

కాబట్టి ఈ పిల్లలు తెలివితక్కువవాళ్లని అనుకోవడం అన్యాయం. కూర్చోబెట్టి అడిగితే ప్రమాదం గురించి పెద్దల్లాగే సరిగ్గా చెబుతారు. తెలిసిన ఆ విషయం, వెనక ఇద్దరు స్నేహితులు కూర్చున్న బండి మీద, ఆ క్షణంలో పనికి రాదు. అమెరికాలో 16, 17 ఏళ్ల డ్రైవర్ల మరణాల మీద 2000లో వచ్చిన అధ్యయనం దీన్ని అంకెల్లో చూపింది. కారులో ఒంటరిగా ఉన్నప్పటితో పోలిస్తే ముగ్గురు ప్రయాణికులుంటే డ్రైవరు చనిపోయే ముప్పు దాదాపు మూడింతలు. మన దగ్గర ట్రిపుల్ రైడింగ్‌ను బరువు సమస్యగా, చలానా సమస్యగా చూస్తాం. అది అంతకంటే ముందు మెదడు సమస్య. రీలు తీస్తున్న ఫోను కూడా స్నేహితుల గుంపుతో సమానమేనని నా అభిప్రాయం. అది వెంట తిరిగే ప్రేక్షక సమూహం.

ఫోను సంగతి వచ్చింది కాబట్టి, బ్లూటూత్ పెట్టుకుంటే ఫరవాలేదన్న నమ్మకం తప్పు. యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు చూపించింది ఇదే: చేతులు ఖాళీగా ఉన్నా మనసు మాటల్లో ఉంటే కంటి ఎదుట ఉన్నది కూడా మెదడుకు చేరదు. పక్కన కూర్చున్న పెద్దమనిషి రోడ్డు ఇరుకైనప్పుడు తనంతట తాను మాట ఆపుతాడు. ఫోనులో అవతలివాళ్లకు రోడ్డు కనిపించదు.

మద్యం విషయంలో కుర్రాళ్లకు తెలియనిది తెల్లవారి లెక్క. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే తగ్గించగలదు. కాఫీ, స్నానం, మజ్జిగ ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. పెళ్లి పార్టీలో అర్ధరాత్రికి 120 దగ్గర ఉన్నవాడు ఆరింటికి గానీ ఆ గీత దగ్గరికి రాడు. 'నిద్రపోయి లేచానుగా' అని నాలుగింటికే బండి తీసినవాడు ఇంకా మత్తులోనే ఉన్నాడు.

నేర్పితే పెరిగిన ప్రమాదాలు

ఇంతదూరం చదివినవాళ్లు, అయితే కాలేజీల్లో డ్రైవింగ్ పాఠాలు పెట్టేస్తే సరి అనుకోవచ్చు. ఇక్కడే పరిశోధన మనల్ని ఆపుతుంది. ఈ భాగం చాలామందికి తెలియదు, తెలియాలి.

1970ల చివర అమెరికాలోని జార్జియా రాష్ట్రం, డికాల్బ్ కౌంటీలో సుమారు 16,000 మంది హైస్కూలు పిల్లలను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు అప్పట్లో సాధ్యమైనంత మంచి శిక్షణ, సుమారు డెబ్బై గంటలు ఇచ్చారు. తరగతి, సిమ్యులేటర్, ప్రత్యేక ట్రాకు, రోడ్డు అన్నీ ఉన్నాయి. ఒక గుంపుకు ఏమీ ఇవ్వలేదు. శిక్షణ పొందినవాళ్లకు మొదటి ఆరు నెలల్లో ప్రమాదాలు కాస్త తగ్గాయి, తర్వాత తేడా మాయమైంది. 2001లో ఇలాంటి అధ్యయనాలన్నీ కూర్చిన కాక్రేన్ సమీక్ష ఇంకా చేదు నిజం చెప్పింది. బడుల్లో డ్రైవింగ్ పాఠాలు ప్రమాదాలను తగ్గించినట్టు ఆధారం లేదు, పైగా పిల్లలు తొందరగా లైసెన్సు తీసుకునేలా చేస్తున్నాయి. చిన్న వయసులో ఎక్కువమంది రోడ్డెక్కితే ముప్పు పెరుగుతుంది.

నార్వే అనుభవం ఇంకా విచిత్రం. మంచు మీద కారు జారినప్పుడు ఎలా అదుపు చేయాలో కొత్త డ్రైవర్లకు తప్పనిసరిగా నేర్పారు. తర్వాత లెక్కలు చూస్తే యువకుల్లో జారే రోడ్ల మీద ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. కారణం ఊహించడం కష్టం కాదు. జారితే ఆపగలనన్న నమ్మకం వచ్చాక జారే చోట వేగం తగ్గించాలన్న భయం పోయింది. మనిషికి తన డ్రైవింగ్ మీద ఉండే నమ్మకం ఎలాంటిదో స్వీడన్ మనస్తత్వవేత్త ఓలా స్వెన్సన్ 1981లోనే చూపించాడు. ఆయన అడిగిన అమెరికన్ విద్యార్థుల్లో నూటికి 93 మంది తాము నైపుణ్యంలో సగంమంది కంటే మెరుగని చెప్పుకున్నారు. అది లెక్కల ప్రకారమే అసాధ్యం.

అందుకే బండి మీద విన్యాసాలు నేర్పే శిక్షణ చూస్తే నాకు భయం. ఆ చేతి నైపుణ్యానికి తగ్గ చూపు, వినయం వెంటనే రావు.

మరి పనిచేసిందేమిటి? స్వీడన్‌లోనే 1993లో చేసిన మార్పు. లైసెన్సు వయసు 18 అలాగే ఉంచి, పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టే వయసును పదిహేడున్నర నుంచి 16కు తగ్గించారు. ఆ అవకాశం వాడుకున్న పిల్లలు లైసెన్సు వచ్చేలోపు సగటున దాదాపు 120 గంటలు నడిపారు, అంతకుముందు వాళ్లకంటే మూడింతలు. లైసెన్సు వచ్చాక వాళ్ల ప్రమాదాలు సుమారు 40 శాతం తక్కువ. అందులో కొంత, జాగ్రత్త గల కుటుంబాలే ఈ అవకాశం ఎక్కువగా వాడుకోవడం వల్ల కావచ్చు. అయినా గంటల ప్రభావం కొట్టిపారేయలేనిది.

ఇంకో విషయం చాలా దేశాల లెక్కల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పెద్దవాళ్లు పక్కన ఉన్నంతకాలం నేర్చుకునేవాళ్లకు ప్రమాదాలు బహు తక్కువ. లైసెన్సు వచ్చి ఒంటరిగా బయల్దేరిన మొదటి నెలల్లో ముప్పు ఒక్కసారిగా శిఖరానికి చేరుతుంది, ఆరు నెలలు తిరిగేసరికి వేగంగా తగ్గుతుంది. ఆ శిఖరాన్ని చదును చేయడానికే న్యూజిలాండ్ 1987లో దశలవారీ లైసెన్సు తెచ్చింది. మొదట పెద్దల పక్కనే నడపాలి. తర్వాత ఒంటరిగా, రాత్రి పొద్దుపోయాక కాకుండా, స్నేహితులు లేకుండా. ఆ తర్వాతే పూర్తి లైసెన్సు. అమెరికాలో 1996లో ఫ్లోరిడాతో మొదలై అన్ని రాష్ట్రాలూ ఏదో రూపంలో దాన్ని తీసుకున్నాయి. అక్కడ కుర్ర డ్రైవర్ల మరణాలు తగ్గడంలో దీని పాత్ర స్పష్టం.

అమెరికాలోని ఆ రక్షణలో ఒక ఖాళీ ఉంది, అది మన తెలుగు ఇళ్లకు నేరుగా తగులుతుంది. చాలా రాష్ట్రాల్లో దశలవారీ ఆంక్షలు 18 ఏళ్ల లోపువాళ్లకే. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఎంఎస్‌కు వెళ్లిన 22 ఏళ్ల కుర్రాడు అక్కడ సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుని, కుడివైపు ట్రాఫిక్‌లో, మంచులో, రాత్రి పార్టు టైము ఉద్యోగం ముగించుకుని నలుగురు రూమ్మేట్లతో ఫ్రీవే ఎక్కుతాడు. వయసు పెద్దదే, కారు డ్రైవరుగా మాత్రం తొలి నెలల్లోనే ఉన్నాడు. ప్రమాదాన్ని పెంచే అంశాలన్నీ ఒకే కారులో కూర్చున్నాయి. పిల్లల్ని సాగనంపేటప్పుడు పచ్చళ్ల మూటతో పాటు ఈ సంగతి కూడా చెప్పి పంపాలి.

మన చట్టం, మన ఇల్లు

మన మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్లున్న బండికైనా కారుకైనా 18 నిండాలి. 16 ఏళ్లకు అనుమతి ఉన్నది 50 సీసీ మించని, గేర్లు లేని బండికే. ఇప్పుడు పిల్లలు కాలేజీకి వేసుకెళ్లే స్కూటర్లు నూటపది, నూటపాతిక సీసీవి. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. కోచింగ్ సెంటరు దూరమని తాళాలిచ్చే నాన్నలకు ఈ సెక్షన్ తెలియదు. బస్సు లేని ఊరికి కోచింగ్ సెంటరు దూరమే, ఆ ఇబ్బంది నిజమే. దాన్ని తీర్చాల్సింది బస్సు, పదిహేనేళ్ల పిల్లాడి చేతిలో తాళం కాదు.

2021 జులై నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలు వచ్చాయి. కారు కోర్సు 29 గంటలు, అందులో 21 గంటలు నడపడం, 8 గంటలు పాఠం. పాసైతే ఆర్టీఏ ట్రాకు పరీక్ష అక్కర్లేదు. ఇరవై ఒక్క గంటలు అంతకుముందుకంటే నయమే, కానీ స్వీడన్ 120 గంటల పక్కన పెట్టి చూస్తే అది ఆరంభం మాత్రమే. మిగతా గంటలు ఇంటి నుంచే రావాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు కాగానే స్లాటు కోసం పరుగెత్తే బదులు ఆ ఆరు నెలలూ వాడుకోవచ్చు. లైసెన్సు ఉన్న అమ్మో నాన్నో వెనక కూర్చుని నేర్పుతూ రోజూ కూరగాయలకు, బ్యాంకుకు, చుట్టాలింటికి వెళ్లిరావచ్చు. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి, ఐఎస్ఐ గుర్తుతో, పట్టీ బిగించి. 2022లో హెల్మెట్ లేక 50,029 మంది చనిపోయారు. మోటారు సైకిలు ప్రమాదాల్లో హెల్మెట్ మరణాన్ని 40 శాతానికి పైగా, తల గాయాన్ని 70 శాతం దాకా తగ్గిస్తుందని అనేక దేశాల అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. లోపలి థర్మోకోల్ నలిగి, తల ఆగే సమయాన్ని కాస్త పొడిగించడమే దాని రహస్యం. ఒకసారి గట్టి దెబ్బ తగిలాక అది నలిగిపోయినట్టే, బయట గీత కూడా పడకపోయినా మార్చాలి.

ఆ వెనక సీట్లో కూర్చున్నప్పుడు చేయాల్సింది తిట్టడం కాదు. బ్రిటన్ పోలీసు డ్రైవర్ల శిక్షణలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఒకటి మనకు బాగా పనికొస్తుంది. నడిపేవాళ్లు తాము చూస్తున్నదీ చేయబోతున్నదీ బయటికి చెబుతూ పోవాలి. "ముందు బస్సు ఆగింది నాన్నా, ఎవరైనా దిగి దాటొచ్చు, స్లో చేస్తున్నా. ఎడమ సందులోంచి ఆటో మూతి కనిపిస్తోంది. అద్దంలో వెనక టిప్పర్ ఉంది, దాన్ని పోనిస్తా." కూతురు ఇలా చెబుతుంటే ఏది చూస్తోందో నాన్నకు తెలుస్తుంది, ఏది చూడటం లేదో అంతకంటే బాగా తెలుస్తుంది. "ఆ వేపచెట్టు దగ్గర ఏముందమ్మా?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, చూపు అటు వెళుతుంది. మరుసటి రోజు ఆ ప్రశ్న అక్కర్లేదు.

దీనికి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఇంటరు చదివే పిల్లలు కాలేజి బస్సులో ముందు సీటులో కూర్చుని, డ్రైవరు బ్రేకు వేయకముందే ఎందుకు వేస్తాడో చెప్పుకునే ఆట ఆడొచ్చు. కళ్లు పదహారేళ్లకే శిక్షణ మొదలుపెడతాయి, చేతులు పద్దెనిమిదికి వాటిని అందుకుంటాయి.

తర్వాత ఇంటి దశలవారీ లైసెన్సు. మొదటి నెలలు పగటిపూట, తెలిసిన రోడ్ల మీద, వెనక ఇంట్లోవాళ్లతో. పరీక్ష పాసయ్యాక ఒంటరిగా, అప్పటికీ పగలే. అది అలవాటయ్యాక చీకటి, ఆ తర్వాత వాన. తొలివానలో రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తడిసి జారుడెక్కుతాయి కాబట్టి ఆ గంట ఎలాగూ ఆగిపోవడం మేలు. హైవే ఇంకా తర్వాత. స్నేహితుణ్ని వెనక ఎక్కించుకోవడం అన్నిటికంటే చివర, కనీసం ఆరు నెలలు దాటాక, ఒక్కణ్నే.